మాండలిన్ వాదము

సంగీతమును గూర్చిన వాదములు చెన్నపట్టణపు సభలలోనే జరుగునని మేము చాలకాలము తలచియుంటిమి. గడచిన సంక్రాంతి దినములలో మా చీమకుర్తిలో, మా యింటి వసారాలో, నలుగురు ఆడువారును ఒక కుర్రవాడును కూర్చుండి వారము దినములు చేసిన వాదమును విన్న పిమ్మట ఆ తలంపు పోయినది. దానికి కారణము జానెడు మెడగల ఒక చిన్న వాద్యము. ఆ వాదమువలన మేము తెలిసికొన్న సంగతి మా యింటి గడప లోపలనే ఉండదగినది కాదని తోచి, సోదరీమణుల యెదుట ఉంచుచున్నాము.

మా బావగారి కుమారుడు ఇంజనీరింగు చదువుచున్నాడు. చదువుతోబాటు గిటారు నేర్చుకొనుచున్నాడు. పండుగకు వచ్చునపుడు గిటారును, పాటలు వినిపించు చిన్న పెట్టెను వెంట తెచ్చెను. భోగినాటి సాయంకాలము మేము అరిసెలు వండి అలసి వసారాలో చేరగిలబడియుండగా, అతడు ఆ పెట్టెలో ఏదియో పెట్టెను. మొదట గిటారు మ్రోగినది. పిమ్మట తబలా అందుకొన్నది. అంతట నొక సన్నని తీగెనాదము వచ్చి, ఒక్క మీటునకు నాలుగు స్వరములు జారుచు, మన రాగములలోని తీయని వంపు తిరిగి నిలిచినది.

మా అత్తగారు నడిమి యింట జపము చేసికొనుచుండిరి. తావళము చేతనుంచుకొనియే గుమ్మములోనికి వచ్చి, "ఒరే నాయనా, అది మన పాలకొల్లు పిల్లవాడి వాద్యం కాదట్రా?" అని అడిగిరి.

"అవును నాయనమ్మా, మాండలిన్ శ్రీనివాస్. ఇది రిమెంబర్ శక్తి అనే బృందం. గిటారు వాయించేది జాన్ మెక్‌లాఫ్లిన్ అని ఇంగ్లండు ఆయన."

"ఆయన ఎవరైతే నాకేం? బంగారం లాంటి పిల్లవాణ్ణి ఆ గుంపులో ఎందుకు కూర్చోబెట్టారూ?"

ఈ ఒక్క మాటతో వాదము మొదలైనది.

మా అత్తగారి పుట్టినిల్లు గుడివాడ. 1978లో అచ్చట త్యాగరాజ ఆరాధనోత్సవమున తొమ్మిదేండ్ల శ్రీనివాసు తొలి కచేరీ జరిగినపుడు, వారు కొత్తకోడలిగా పుట్టింటికి వచ్చియుండి, తల్లితోగూడ వెళ్లి వినిరట. "ఒళ్లో వాద్యం చిన్నది, పిల్లవాడు చిన్నవాడు, రాగం మాత్రం పెద్దవాళ్లది" అని వారు నాటి సంగతి చెప్పునపుడెల్ల కంఠము మారును. ఆ దినము విన్నదే అసలైనదనియు, తరువాత దొరలతో కూడి వాయించినదంతయు వియ్యపురాండ్రు ఎక్కువైన పెండ్లి వంటిదనియు వారి సిద్ధాంతము.

మా బావగారి కుమారుని సిద్ధాంతము వేరు. అతనికిని అతని స్నేహితులకును ఆ గిటారు విద్వాంసుడే దైవము. ఐనను ఆ భక్తులలో వారికి వారికే పొత్తు కుదురదట. 1971 మొదలు 1973 వరకు ఆయన నడిపిన మహావిష్ణు ఆర్కెస్ట్రాయే గొప్పదని కొందరు; తరువాత 1975లో మన వాద్యములతో కూర్చిన శక్తియే గొప్పదని కొందరు; చివర వచ్చిన రిమెంబర్ శక్తిలోనే ఆ విద్య పండినదని మరికొందరు. ఏబది యేండ్లుగా ఈ తగవు తెగలేదని అతడు గర్వముగా చెప్పెను. తగవు తెగకపోవుట గర్వకారణ మెట్లగునో మాకు అప్పుడు బోధపడలేదు.

ఈ కథ ఎరుగని సోదరీమణులకొరకు కొంచెము వివరింపవలసియున్నది. 1960వ దశకపు చివరి సంవత్సరములలో ఇంగ్లండు దేశపు కుర్రవాండ్రు కొందరు, మూడు నిమిషముల ప్రేమపాటలతో తృప్తి చెందక, గిటారు, డోళ్లు, మీటల వాద్యములతో దీర్ఘములైన రచనలు చేయసాగిరి. ఒకే రచనలో తాళము మారును, నడక మారును, మాట లేకుండ పది పదునైదు నిమిషములు వాద్యములే మాటలాడుకొనును. దీనికి ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు. కింగ్ క్రిమ్సన్, యెస్, జెనెసిస్ మున్నగునవి ఆ మార్గమున ప్రసిద్ధి వహించిన బృందములు. మెక్‌లాఫ్లిన్‌గారి మహావిష్ణు ఆర్కెస్ట్రా ఆ వీధికి పొరుగు వీధి: జాజ్ అను అమెరికా సంగీతమును ఈ రాక్ సంగీతముతో కలిపి, మన తాళములవంటి బేసి లెక్కలను చేర్చినది. ఆయన 1942లో డాన్‌కాస్టరు పట్టణమున జన్మించెను. తల్లి వయొలిన్ విద్వాంసురాలు. 1969లో అమెరికా వెళ్లి మైల్స్ డేవిస్ అను ప్రఖ్యాత విద్వాంసుని గ్రంథస్థములైన రచనలలో గిటారు వాయించెను. శ్రీ చిన్మయ్ అను వంగదేశీయుడగు గురువును ఆశ్రయించి "మహావిష్ణు" అను పేరు పొందెను. బృందమునకు ఆ పేరే వచ్చినది.

మా అత్తగారికి ఈ పేరు వినగానే కొంత మెత్తబడినట్లు కనబడినది కాని, మా వాడు తొందరపడి, "నాయనమ్మా, ఆయన 1973లో 'బర్డ్స్ ఆఫ్ ఫైర్' అనే రచన పద్దెనిమిది లెక్కలతో కట్టాడు తెలుసా?" అనెను.

"ఏడు తాళాలకి ఐదేసి జాతులు వేసి ముప్పైయైదు తాళాలు పెట్టుకున్న ఇంటికొచ్చి లెక్కలు చూపిస్తున్నావా?" అని వారు తావళము త్రిప్పుకొనుచు లోపలికి పోయిరి. మేమందరము నవ్వితిమి.

మరునాడు మా ఆడపడుచు ఒంగోలునుండి వచ్చినది. ఆమె అన్నను విని అన్నపక్షము, తల్లిని విని తల్లిపక్షము వహించు స్వభావము కలది. ఎదురింటి పిన్నిగారు మాత్రము మొదటినుండియు కుర్రవాని పక్షమే. వారి పుట్టినిల్లు కరవది. నాగస్వర విద్వాంసులు షేక్ చినమౌలానాగారు 1924లో ఆ యూరనే జన్మించిరి. వారు తంజావూరు బాణీని కోరి నేర్చి, శ్రీరంగమునకు వెళ్లి స్థిరపడి, రంగనాథుని సన్నిధిని నాగస్వరము వాయించి, 1998లో సంగీత కళానిధి బిరుదు పొంది, 1999లో పరమపదించిరి. పిన్నిగారు ఈ కథను వీలు దొరికినపుడెల్ల చెప్పుదురు. ఆ దినము దానికొక ప్రయోజనము దొరికినది.

"మావూరి ముసల్మాను శ్రీరంగం గుళ్లో నాగస్వరం వాయిస్తే రంగనాథుడికి లేని అభ్యంతరం, మీ పాలకొల్లు పిల్లవాడు దొరపక్కన కూర్చుంటే మీకెందుకండీ వదినగారూ?" అని వారనిరి.

"మౌలానాగారు నాగస్వరాన్ని నాగస్వరంగానే వాయించారు" అని మా అత్తగారి సమాధానము.

"మరి వయొలిన్ సంగతేమిటి?" అని మావారు పేపరు చాటునుండి అడిగిరి. అది న్యాయమైన ప్రశ్న. ముత్తుస్వామి దీక్షితులవారి సోదరులు బాలుస్వామి దీక్షితులవారు వయొలిన్‌ను మన సంగీతమునకు తెచ్చిన మార్గదర్శులు. అది దొరల వాద్యము. ఐనను ఒక శతాబ్దమునకు మన ద్వారం వెంకటస్వామినాయుడుగారు విజయనగరమున దానిని చేతబట్టిన, అది పరదేశపు వాద్యమను మాట ఎవ్వరికిని జ్ఞప్తికి రాలేదు. 1941లో వారు సంగీత కళానిధులైరి. మాండలిన్ కథయు అట్టిదే. అది ఇటలీ దేశపు వాద్యము. సినిమా పాటలలో తీపికొరకు అచ్చటచ్చట చల్లెడువారు. దానితో కచేరీ చేయవచ్చునని శ్రీనివాసుకు ముందు ఎవ్వరును నిరూపింపలేదు.

ఇచ్చట మేము నోరు విప్పితిమి. అంతవరకు మేము మాటలాడకుండుటకు ఒక కారణము కలదు. దానిని తరువాత చెప్పెదము. వాద్యముల సంగతి కొంచెము తెలిసినవారమగుటచే, ఆ మాండలిన్‌తో చేసిన పని ఎంత కష్టమైనదో వారికి వివరించితిమి.

మాండలిన్‌కు సామాన్యముగా ఎనిమిది తీగెలు. అవి రెండేసిగా నాలుగు జతలు. వాద్యము చిన్నది, తీగె పొట్టిది. మీటిన నాదము వెంటనే చచ్చిపోవును. అందుచేత దొరలు దానిని పదే పదే గీరి నాదమును నిలుపుదురు. మన సంగీతమునకు అది చాలదు. ఒక్క మీటునందే స్వరము ఊగవలెను, జారవలెను, పైస్వరమును తాకి మరల రావలెను. దీనినే గమకమందుము. జంట తీగెలను ప్రక్కకు లాగిన రెండును సమముగా సాగవు, అపస్వరము పుట్టును. శ్రీనివాసు జంటలను తీసివేసి ఒంటి తీగెలను ఉంచి, నాలుగింటికి ఐదవ తీగెను చేర్చి, విద్యుత్తుతో నాదమును పెంచి నిలిపెను. అప్పుడు ఆ చిన్న వాద్యము గమకమును మోయగలిగినది.

అతని శిక్షణ మరియు వింతయైనది. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాయించువారు. ఆరేండ్ల వయస్సున తండ్రి మాండలిన్‌ను బాలుడు చేతబట్టెను. తండ్రి అతనిని తన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి ఒప్పగించిరి. వారు చెంబై వైద్యనాథ భాగవతారుగారి శిష్యులు, గాత్రజ్ఞులు. వారికి మాండలిన్ వాయించుట తెలియదు. అందుచేత వారు పాడుచుండిరి. బాలుడు విన్నదానిని తీగెమీద వెదకి పట్టుకొనుచుండెను. వ్రేలు ఎచ్చట పెట్టవలెనో చెప్పువారు లేకుండుటయే ఆ బాలునికి మేలైనదని మా తాత్పర్యము. అతడు వాద్యమును అనుకరింపలేదు, కంఠమును అనుకరించెను. 1981లో చెన్నపట్టణమున ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీవారి ఉత్సవమున అతడు వాయించిన పిమ్మట "ఇది కర్ణాటక వాద్యమా?" అను ప్రశ్న క్రమముగా సన్నగిలినది. 1983లో బెర్లిను జాజ్ ఉత్సవమునకు పిలుపు వచ్చినది. 1998లో పద్మశ్రీ వచ్చినది.

"ఇదంతా నీకెట్లా తెలుసు పిన్నీ?" అని కుర్రవాడు అడిగెను. మేము మాట మార్చితిమి.

మూడవ దినమున వాదము మా యూరి రాతిమీదికి పోయినది. సోదరీమణులలో కొందరు ఎరుగుదురు: మా చీమకుర్తి నల్లరాతిలో బంగారు రజను చల్లినట్లు మెరుపులుండును. దానిని దొరలు బ్లాక్ గెలాక్సీ అందురు. ఆ మెరుపులు బ్రాంజైటు అను ఖనిజమువలన కలుగునని మావారు పిల్లలకు చెప్పుచుందురు. ఆ రాతి దిమ్మెలు లారీలమీద మా వీధులు అదరునట్లు పోయి, ఓడలెక్కి, దేశాంతరముల భవనములలో నేలలగును. మా కుర్రవాడు ఈ రాతిని తన పక్షమునకు సాక్షిగా పిలిచెను.

"మన రాయి ఇటలీ పోతే గొప్పగా చెప్పుకుంటాం. మన రాగం పోతే మాత్రం చెడిపోయిందంటాం. ఇదేం న్యాయం నాయనమ్మా?"

"రాయి ఎక్కడికి పోయినా రాయేరా. రాగం అట్లా కాదు, పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ల వాసన పడుతుంది."

"రాయిని కూడా కోసి, సానపట్టి కదా పంపేది?"

"సానపడితే మెరుపు బయటికి వస్తుంది. కొత్త మెరుపు రాదు."

ఈ మాటకు మా వాడు వెంటనే ప్రత్యుత్తర మీయలేకపోయెను. మాకును అది నిలిచి ఆలోచింపదగిన మాటగా తోచినది. రెండు సంగీతములు కలిసినపుడు ఉన్న మెరుపు బయటికి వచ్చుచున్నదా, లేక ఎవరికిని చెందని క్రొత్త పూత పూయబడుచున్నదా? ఈ ప్రశ్నకు జవాబు మాటలతో రాదు, వినవలసినదే. అందుచేత ఆ రాత్రి భోజనములైన పిమ్మట, వీధిలో లారీల మ్రోత తగ్గినపుడు, అందరము కూర్చుండి వినుటకు ఏర్పాటు చేసికొంటిమి.

మొదట మా వాడు మహావిష్ణు ఆర్కెస్ట్రాను వినిపించెను. పిడుగులు పడినట్లున్నది. ఆరు తీగెల మెడ యొకటి, పండ్రెండు తీగెల మెడ యొకటి గల జంట గిటారును మెక్‌లాఫ్లిన్‌గారు ఆ దినములలో వాయించుచుండిరట. మా ఆడపడుచు చెవులు మూసికొన్నది. మా కుమార్తె మాత్రము—దానికి పదునొకండేండ్లు—కన్నులార్పక విన్నది. తరువాత 1976లో వెలువడిన శక్తి బృందపు మొదటి సంపుటమును వినిపించెను. పిడుగు వెలసి వాన కురిసినట్లు, విద్యుత్ గిటారు పోయి కట్టె గిటారు వచ్చినది. ఎల్. శంకర్‌గారి వయొలిన్, జాకీర్ హుస్సేన్‌గారి తబలా, విక్కు వినాయకరామ్‌గారి ఘటము. ఘటము వినబడగానే మా అత్తగారి వ్రేళ్లు మోకాలిమీద కదలినవి; మేము చూడనట్లుంటిమి.

అప్పుడు మా వాడొక సంగతి చెప్పెను. మెక్‌లాఫ్లిన్‌గారు అమెరికాలో వీణ అభ్యసించిరట. ఆ పిమ్మట శక్తి బృందముకొరకు ప్రత్యేకముగా ఒక గిటారు చేయించుకొనిరట. దాని ఆరు తీగెల క్రింద ఏటవాలుగా మరి ఏడు తీగెలు శ్రుతికొరకు అమర్చబడినవి. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి: మెట్లకును మెట్లకును నడుమనున్న కొయ్యను లోతుగా తొలిపించిరి. సామాన్యమైన గిటారులో వ్రేలు తీగెను నొక్కిన, వ్రేలికొన కొయ్యకు తగులును. తీగెను ప్రక్కకు లాగుటకు ఆ రాపిడి అడ్డుపడును. కొయ్యను తొలిచినచో వ్రేలు గాలిలో నిలిచి, తీగెను ఎంత కావలెనన్న అంత లాగవచ్చును.

ఇది వినగానే మా మనస్సున ఏదియో తగిలినట్లైనది. అది గిటారు కాదు. అది మా వీణ. వీణకు ఇరువది నాలుగు మెట్లు మైనముమీద ఎత్తుగా నిలుపబడియుండును. వ్రేలు ఎన్నడును కొయ్యను తాకదు. తీగెను మెట్టుమీదనే ప్రక్కకు లాగి ఒక స్వరస్థానమునుండి రెండు మూడు స్వరములు పలికింతుము. మన పెద్దలు గమకముకొరకు ఏర్పరచిన ఆ వసతినే ఆ దొర కొయ్య తొలిపించి తెచ్చుకొనెను. పాలకొల్లు బాలుడు జంట తీగెలు తీసివేసి తెచ్చుకొనెను. ఇద్దరును తమ వాద్యములను కోసియు తగ్గించియు చేరిన చోటు ఒక్కటే. అది మాకు పుట్టుకతో చేతికందిన చోటు. మా వీణయో, పదునాలుగేండ్లుగా అటకమీద దుప్పటిలో చుట్టబడి యున్నది.

మేము ఆ వాదములో మొదట మాటలాడకుండుటకు కారణమిదియే.

మా తండ్రిగారు ఇంటియొద్దనే మాకు కావ్యములును, అమరమును చెప్పించిరి. ఏడేండ్లు వీణ నేర్పించిరి. వివాహమైనపుడు వీణ మాతో వచ్చినది. ఇంటి పనులు, బిడ్డ పెంపకము, బడిపంతులు సంసారపు లెక్కలు—వీటివలన వీణ మూలబడినదని మేము అందరితోను చెప్పుచుంటిమి. మా అత్తగారు పనుల మిషతో ఎన్నడును అడ్డుపెట్టిన పాపమున పోలేదు. సత్యము వేరు. పెండ్లియైన రెండవ యేట బంధువులు వచ్చినపుడు మేము ఒక కృతి వాయించితిమి. ముగిసినంతనే ఒక పెద్దమ్మగారు, "చాలా బాగుందమ్మా, ఒక సినిమా పాట వాయించకూడదూ?" అని ప్రేమతోనే అడిగిరి. మేము వీణను ఒరనుంచితిమి. శాస్త్రము తెలియనివారి యెదుట వాయింపరాదని మాకు మేము చెప్పుకొంటిమి. వినువారు లేకున్న సాధన తగ్గెను. సాధన తగ్గిన వ్రేళ్లు మొద్దువారెను. మొద్దువారిన వ్రేళ్లతో వాయించుట సిగ్గాయెను. ఆ సిగ్గునకు "శుద్ధత" అని పేరు పెట్టుకొని పదునాలుగేండ్లు గౌరవముగా బ్రదికితిమి.

ఇక చివర రిమెంబర్ శక్తిని వినిపించెను. మాండలిన్, గిటారు ఒకదానివెంట నొకటి ప్రశ్నలు ప్రత్యుత్తరములవలె సాగినవి. మాండలిన్ ఒక మాట అన్నది. గిటారు ఆ మాటను తన నోట అని చూచినది. మాండలిన్ దానిని దిద్దినది. గిటారు దిద్దుబాటును ఒప్పుకొన్నది. మా అత్తగారు కన్నులు మూసికొని వినిరి. అందరము వారి తీర్పునకై వేచియుంటిమి.

"ఆ దొర మంచివాడే" అని వారనిరి. "పిల్లవాడు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగుతున్నాడు. మన సభల్లో పక్కవాద్యాల వాళ్లు కొందరికి ఆ ఓపిక లేదు."

"ఐతే ఒప్పుకున్నట్టేనా నాయనమ్మా?"

"ఎందుకు ఒప్పుకుంటానూ? గుడివాడలో విన్నదే నాది. ఇది నీది. నువ్వు వినూ."

తగవు తెగకపోవుట గర్వకారణమెట్లగునో అప్పుడు మాకు బోధపడినది. ఒక సంగీతమును ఏబది యేండ్లు తగవులాడుటకు తగినంత ప్రేమించువారుండుట సామాన్యమైన భాగ్యము కాదు. ఎవ్వరును వాదింపని సంగీతము అటకమీది వీణవంటిది. దానికి నిందలేదు, ప్రాణమును లేదు.

శ్రీనివాసు 2014 సెప్టెంబరు 19వ తేదీన చెన్నపట్టణమున స్వర్గస్థుడయ్యెను. అప్పటికి అతనికి నలుబదియైదేండ్లే. ఆ మాట మా వాడు చెప్పబోగా మా అత్తగారు చేయి యెత్తి వారించి, "తెలుసు" అని మాత్రమనిరి. తమ్ముడు రాజేష్‌గారు ఆ మాండలిన్ విద్యను కొనసాగించుచున్నారు. శక్తి బృందము మరల కూడి 2023లో "దిస్ మొమెంట్" అను సంపుటమును వెలువరించినది. అందు మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌గార్లతో శంకర్ మహదేవన్, సెల్వగణేశ్, వయొలిన్ విద్వాంసులు గణేశ్ రాజగోపాలన్‌గార్లు పాల్గొనిరి. 2024 ఫిబ్రవరిలో దానికి గ్రామీ బహుమానము వచ్చినది. ఆ సంవత్సరము డిసెంబరు 15వ తేదీన జాకీర్ హుస్సేన్‌గారును గతించిరి. ఇట్లు ఒక్కొక్క ఆసనము ఖాళీయగుచున్నను, వినువారి వాదము మాత్రము సాగుచునేయున్నది.

పండుగ వెళ్లినది. కుర్రవాడు గిటారు భుజమున వేసికొని బస్సెక్కెను. అతడు పోయిన మరునాడే మా కుమార్తె తనకు గిటారు కావలెనని అడిగినది. మూడు దినముల క్రిందట ఐనచో మేము ఒక్కమాటతో త్రోసివేసియుందుము. మా అత్తగారు, "ఇంట్లో వీణ పెట్టుకుని గిటారేమిటే?" అని మందలించిరి. దానికి మా కుమార్తె చెప్పిన సమాధానము మేము జన్మలో మరువము.

"ఇంట్లో వీణ ఉందా నాయనమ్మా? నేనెప్పుడూ చూడలేదే."

మెక్‌లాఫ్లిన్‌గారి తల్లి వయొలిన్ వాయించినందున ఆ బిడ్డడు వాద్యమును వినుచు పెరిగెను. శ్రీనివాసుగారి తండ్రి మాండలిన్‌ను బిడ్డకందునట్లు ఉంచినందున ఆ బాలుడు చేతబట్టెను. మా బిడ్డకు పదునొకండేండ్లు నిండినను తల్లికి వీణ వచ్చునని కూడ తెలియదు. తప్పు సినిమా పాట కోరిన పెద్దమ్మగారిది కాదు. గిటారుది అసలే కాదు.

ఆ సాయంకాలమే మావారు నిచ్చెన వేసి వీణను దింపిరి. రాతిధూళి దుప్పటిలోనికిని చొరబడి కుండమీద పలుచని పొర కట్టినది. మైనము ఎండి పగిలినది; నాలుగు మెట్లు ఊడినవి; ఒక బిరడా బిగిసికొనిపోయినది. ఇచ్చటి వడ్రంగులకు చేతనైన పని కాదు. నూజివీడులో తరతరములుగా వీణలు చేయు కుటుంబములున్నవి. అచ్చటికి పంపి మేళము క్రొత్తగా కట్టించి తెప్పించుటకు నెలయైనది. అది తిరిగి వచ్చిన దినమున వాయింప ప్రయత్నించితిమి. పది నిమిషములకే వ్రేలికొనలు మండినవి. గమకము పలుకలేదు, తీగె మూలిగినది. మా అత్తగారు వంటయింటినుండి తొంగిచూచి ఏమియు అనక వెళ్లిపోయిరి. అంతకన్న దయ మాకెవ్వరును చూపలేదు.

మా కుమార్తె విషయమై ఒక నిర్ణయము చేసికొంటిమి. ఏ వాద్యమన్నది దాని యిష్టము. మొదట ఒక్క సంవత్సరము కంఠముతో సరళీ స్వరములును, జంట స్వరములును, అలంకారములును పాడవలెను. మేము పాడెదము, అది విని తనకు దొరికిన తీగెమీద వెదకికొనును. సుబ్బరాజుగారు మాండలిన్ తెలియకయే మాండలిన్ నేర్పగలిగినపుడు, గిటారు తెలియని మేము గిటారు నేర్చు బిడ్డకు ఈ మాత్రము సాయపడలేమా యని ధైర్యము. ఒంగోలులో పాతది ఒకటి చవుకగా దొరకినది. మా ఆడపడుచు కొని పంపినది.

ఇప్పుడు సాయంకాలము మా వసారాలో వీణ యొకప్రక్క, గిటారు యొకప్రక్క. రెంటికిని శ్రుతి కలుపుటకే అరగంట పట్టును. వీధిలో లారీ పోయిన ప్రతిసారి ఆగవలసివచ్చును. గిటారుమీద మా కుమార్తె మాయామాళవగౌళ వెదకునపుడు, మా అత్తగారు లోపలినుండి "రిషభం ఎక్కువైంది" అని కేకవేయుదురు. ఎదురింటి పిన్నిగారు వచ్చి, "వదినగారూ, పిల్లను ఈ గుంపులో కూర్చోబెట్టారేం?" అని పాత మాటను వారికే అప్పగించిరి.

"గుంపు ఎక్కడుందీ? నా కోడలూ, నా మనమరాలూ" అని మా అత్తగారి జవాబు.

వీణ మూలబెట్టిన సోదరీమణులు ఈ పత్రిక చదువువారిలో చాలమంది ఉందురని మా నమ్మకము. వారు పనులను నిందింపకుందురుగాక, కాలమును నిందింపకుందురుగాక. ముందు దుప్పటి విప్పి, మైనము ఎంత పగిలినదో చూచుకొనవలెను. వ్రేలికొనలు మండుట మొదటి పదునైదు దినములే. మాది ఇరువదియవ దినము, కొంచెము గట్టిపడినవి. నిన్న ఒక్క గాంధారము ఊగినది.